ఉత్తుత్తి బ్రేకు

హలో… ఆ, నేనే. రాయిస్‌నే. నా ఫోను ఇంకెవడెత్తుతాడే? … గట్టిగా చెప్పు నెల్డా, ఇక్కడ హైస్కూలు బ్యాండు వాళ్ళు డప్పులు సరిచూసుకుంటున్నారు, చెవులు చిల్లులు పడుతున్నాయి.

ఎక్కడిదాకా వచ్చావ్? … కనుమ మీది టెన్నెసీ బోర్డు దాటేశావా? అబ్బో, దిగడం మొదలెట్టేశావన్నమాట. పదకొండుకి ఊరేగింపు, ఆ వెంటనే పాత బండ్ల పోటీ. తెల్లారకముందే వచ్చి చోటు పట్టాను, గేటు పక్కనే. కుర్చీలు వేశాను, తుడిచే గుడ్డలు, మైనం డబ్బా, అన్నీ—

ఏంటి?

బ్రేకు మెత్తగా ఉందంటే?

… ఒసేయ్, అది పంతొమ్మిదొందల డెబ్బయ్ నాటి బండి. నీ స్కూలు బస్సు కాదు, గాలి బ్రేకులు లేవు దానికి. కాలు బరువుగా వెయ్యాలి. … వేస్తున్నావా. ఇంకాస్త వెయ్.

మొదలెట్టావూ? ఆ పాట ఇప్పుడెందుకు? … అన్నావు. డిస్కు బ్రేకులు వేయిద్దాం అన్నావు, కాదన్నానా? ఆ పద్నాలుగంగుళాల ఇనప చక్రాల్లో డిస్కులు పట్టవే తల్లీ. చక్రాలు మారిస్తే మధ్యలో ఉన్న ఆ చిన్న మెరుపు మూతల్ని, మనవాళ్ళు కుక్క గిన్నెలంటారే, వాటిని నా నెత్తిన బోర్లించుకోనా? నాన్న కొన్న రోజున ఎలా ఉందో అలా ఉండాలి. పెద్ద చక్రాలేస్తే అది నాన్న బండిలా ఉండదు, అద్దె బండిలా ఉంటుంది. … ఆగడం కూడా ముఖ్యమే. సరే. ఒప్పుకున్నాను. యాభై ఏళ్ళు ఆగింది కదా ఆ బ్రేకులతోనే.

… నాకు కోపం రాలేదు. నువ్వే అరుస్తున్నావ్.

అరవట్లేదా? మరి గొంతెందుకలా ఉంది?

… పెడల్ నేల దాకానా?

పూర్తిగా వెళ్ళిపోయిందా? … వదిలి మళ్ళీ తొక్కు. చూడు. … రెండోసారి కాస్త పట్టుకుందా. మూడోసారి? … సరే, సరే. అలాగే, తొక్కి వదులు, తొక్కి వదులు.

ఆ, ఉన్నాను. వింటున్నాను. ఒక్క క్షణం ఆలోచించుకోనీ.

నెల్డా, ఒకటడుగుతాను. ఎంతసేపట్నుంచి బ్రేకు మీద కాలుంది? … కనుమ పైనించీనా? ఎందుకూ? … ముందు దుంగల లారీ. అది పాకుతోంది. దాని వెనకాలే మొత్తం దూరం… సరే, నీ తప్పు కాదు. నీ తప్పని ఎవడన్నాడు.

ఇంజను వేడి ముల్లు ఎక్కడుంది? … పైకా? ఎంత పైకి?

వాసన వస్తోందా? … ఏ పక్కనుంచి?

… ఎడమ పక్క. నీ కాళ్ళ దగ్గర్నుంచి.

లేదు, ఏం లేదు. ఏం లేదని కాదు… ఉండు. ఫోను చేత్తో పట్టుకుని మాట్లాడుతున్నావా? ముందు అది కింద పెట్టు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉండాలి. … ఎవరు పట్టుకున్నారంటావ్?

అమ్మా?

అమ్మ ఎందుకుందే ఆ బండిలో! నా ట్రక్కులో రమ్మంటే నడుం నొప్పి, ఇంట్లోనే ఉంటానంది కదా! … నాన్న పక్కన కూర్చున్నట్టుంటుందని అందా. ఆ సీట్లో ఒక్కసారి కూర్చుని ఊళ్ళోకి రావాలని… నాకు చెప్పొద్దన్నదా. ఓరి దేవుడా. ఎనభై నాలుగేళ్ళ మనిషి.

బెల్టు పెట్టుకుందా? … ఆ, నడుం బెల్టే. అదొక్కటే ఉంది. భుజం బెల్టులు నువ్వు అడిగావు, తలుపు పక్క స్తంభానికి చిల్లు పెట్టనని నేనే వద్దన్నాను, తెలుసు, నాకు తెలుసు! గట్టిగా బిగించమను. … బిగించట్లేదా? ఎందుకని? ఒళ్ళో ఏంటి? … అరటిపండు పుడ్డింగు గిన్నె. గాజుదా? పారెయ్యమను! అద్దం దింపి బయట పారెయ్యమను నెల్డా, మొహానికి తగిలితే ఇంకేమైనా ఉందా! … తలుపు మీద ఒలికి మరక పడుతుందంటోందా? పడనీ! అమ్మా! వినపడుతోందా? పడనీ మరక!

పారేసిందా. మంచిది.

విను నెల్డా. ఇప్పుడు చెప్పేది విను. తిట్టుకో, కానీ తర్వాత. మార్చిలో వచ్చి బానెట్టు ఎత్తి చూశావు గుర్తుందా? బ్రేకు గొట్టాలు రెండూ ఇంజను వెనక రేకు మీద క్లిప్పులు వేసి, తిన్నగా… నువ్వే అన్నావు, ఇది బాగుంది, రేపు ఏదైనా కారినా కంటికి కనబడుతుంది అని.

అవి ఇప్పుడక్కడ లేవు.

… నేనే తీశాను. నువ్వు వెళ్ళాక.

కనబడకూడదని. … ఎందుకంటే ఏం చెప్పనే! బానెట్టు ఎత్తితే ఇంజనొక్కటే కనపడాలి, వెనక రేకు అద్దంలా ఉండాలి, ఒక్క తీగ, ఒక్క గొట్టం కంటికి తగలకూడదు. ఇప్పుడు అందరూ అదే చూస్తున్నారు. పోయినేడు జడ్జి కాగితం మీద రాశాడు, లోపలంతా గొట్టాల గందరగోళం అని. రెండు మార్కులు కోశాడు. … అవును. ఆ రెండు మార్కులకే. చిల్లులన్నీ పూడ్చి, రేకు నున్నగా రుద్ది, గొట్టాల్ని ఎడమ రెక్క, అదే, చక్రం మీది రేకు లోపలనుంచి తిప్పాను.

… పొగ గొట్టాల పక్కనుంచి.

వేలెడు దూరం. అంతకంటే తక్కువేనేమో.

వేడి తగలకుండా గుడ్డ చుట్టాలి, నిజమే. చుడితే లావుగా బయటికి కనపడుతోంది. చుట్టలేదు. ఊళ్ళో అటూ ఇటూ తిప్పి చూశాను, బాగానే ఆగింది. కొండ దింపి చూడలేదు. బ్రేక్ ఆయిల్ మరిగిపోతోందే నెల్డా. గొట్టంలోనే మరిగి బుడగలొస్తున్నాయి. నువ్వు తొక్కేది ఆయిల్ని కాదు, గాలిని.

… ఉన్నావా? నెల్డా, మాట్లాడు.

తిట్టు. ఆ. ఇంకా తిట్టు. తిడుతూనే గేరు చూడు. ఎన్నోదాంట్లో ఉన్నావ్? … మూడా. బస్సు కొండ దింపేటప్పుడు ఏం చేస్తావో అదే చెయ్యి. ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని దింపుతున్నావు, ఒక్క గీత పడనివ్వలేదు, నీకు నేనేం చెప్పను. రెండుకి దించు. యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, క్లచ్చి తొక్కి… పడిందా?

వినపడుతోంది. అరవనీ, ఇంజను పేలినా సరే అరవనీ. ఎంతలో ఉన్నావ్? … నలభై. … ముప్ఫై ఎనిమిది. మంచిది. తగ్గుతోంది కదా, మంచిది.

లారీ ఎంత దూరం? … మరీ అంత దగ్గరా?

ఒకటికి దించలేవా? … పడట్లేదు. పళ్ళు కొరుకుతోందా. వద్దు, వద్దు, బలవంతం చెయ్యకు, రెండులోంచి కూడా ఊడిపోయిందంటే మొత్తం పోతుంది. రెండులోనే ఉంచు.

తాళం తిప్పి ఇంజను మాత్రం ఆపకు. స్టీరింగు రాయిలా అయిపోతుంది.

పక్క వరస? … ఎదురుగా వస్తున్నాయా. వరసగానా. వద్దయితే. దాటకు.

… ఎడమ కాలి దగ్గరున్న చిన్న పెడలా?

వద్దులే అది.

వద్దంటే వద్దు. దాన్ని నమ్ముకోకు. … బండి నిలబెట్టే బ్రేకే, నాకు తెలుసు. … తొక్కేశావా? ఏమైంది?

ఏం అవదు. అవదు నెల్డా. దానికి తీగ లేదు.

… తీసేశాను. కింద వేలాడుతూ కనిపిస్తోంది, కొత్త పొగ గొట్టాలకి అడ్డం పడుతోందని కోసి పారేశాను. జడ్జి తలుపు తీసి లోపలికి తొంగి చూస్తాడు కదా, పెడల్ లేకపోతే పట్టుకుంటాడని, అదొక్కటి అలాగే ఉంచాను. దానికి రబ్బరు కూడా కొత్తది వేశాను. పాత సామాన్ల అంగళ్ళలో నాలుగు నెలలు వెతికి మరీ… అవును. ఉత్తుత్తిదే. చూపుకే. దేనికీ తగిలించి లేదు.

ఏడవకే. నెల్డా, ఏడిస్తే దారి కనపడదు. రోడ్డు చూడు. ఇవాళ కిందికి దిగి నన్ను నీ చేతుల్తో చంపెయ్, నేనే నిలబడతాను. ముందు దిగు.

ఒక్క నిమిషం, లైన్లోనే ఉండు. … అయ్యా! పోలీసాయనా! ఇలా రండి! ఆ కూడలి దగ్గర జనాన్ని ఆపండి, ఎవర్నీ రోడ్డు దాటనివ్వకండి! కొండ మీదనుంచి నా చెల్లెలు వస్తోంది, బ్రేకుల్లేవు! … తాగలేదండీ నేను! ఇదిగో, ఫోనులో మీరే వినండి! ఆ బ్యాండు పిల్లల్ని వెనక్కి పంపండి ముందు!

నెల్డా! చెప్పు. ఎంతలో ఉన్నావ్? … ముప్ఫై అయిదు. లారీ ఇరవై. … హారన్ కొట్టు. వాడు వింటే కాస్త ముందుకి పోతాడు. హారన్ పనిచేస్తుందే, నిజంగా, ఒట్టు, దాన్నేం చెయ్యలేదు నేను. కొట్టు!

… వాడికి వినపడట్లేదా.

సరే. ఆ దారిలో లారీల కోసం కంకర పోసి ఉంటుంది చూడు, బ్రేకు పోయినవి ఎక్కి ఆగడానికి, కుడి పక్కకి పైకి పోతుంది. దాటేశావా? … బోర్డు వచ్చిందా? ఎంతన్నాడు? … అర మైలు. అర మైలుంటే ఉంది, దొరికింది. అక్కడికి తీసుకెళ్ళు.

ఈలోపు లారీకి తగులుతావు. ఆ. నాకూ అదే భయం.

కుడి పక్క ఏముంది? … ఇనప కంచె. కంచె అవతల లోయా? … సరే. విను, గట్టి కంచె అది, లారీల్ని ఆపడానికే వేసింది. మెల్లగా దానికి ఆనించు. గుద్దకు, ఆనించు. బండి ఒళ్ళు దానికి రాసుకుంటూ పోవాలి. అమ్మ ఆ పక్కనే ఉంది, తెలుసు. అమ్మని నీ వైపుకి లాక్కో. అమ్మా, నెల్డా భుజం మీద పడుకో. ఫోను ఒళ్ళో పెట్టేసుకో. నేను ఇక్కడే ఉన్నా.

… ఏంటి?

పెయింటా? పెయింటు గురించి ఇప్పుడు నువ్వు అడుగుతున్నావా!

పదకొండేళ్ళు పట్టిందంటే పట్టింది! పద్నాలుగు పూతలైతే పోనీ! నెల్డా, నా మొహం చూసి ఆగకు, నా మాట విను. ప్యాంటు గుండీ తగులుతుందని మనుషుల్ని బండికి ఆనుకోనివ్వని వెధవని నేనే, ఆ వెధవే చెబుతున్నాడు, కంచెకి రాసెయ్! గీరెయ్! తలుపు ఊడి లోయలో పడినా పడనీ! రాయవే!

…

ఆ. వినపడుతోంది. అమ్మో.

వదలకు, వదలకు, అలాగే. ఎంత? … ముప్ఫై. … ఇరవై ఎనిమిదా! లారీ? … దూరం జరిగిందా. తల్లీ, బంగారు తల్లీ. అమ్మ ఎలా ఉంది? … ప్రార్థన చేస్తోందా. చెయ్యమను. నా పేరూ చేర్చమను.

కంచె అయిపోతోందా? ఇప్పుడెంత? … మళ్ళీ పెరుగుతోంది. పెరగనీ. కంకర కనిపిస్తోందా? … వంపు తిరగగానే. సరే. తిరిగేటప్పుడు క్లచ్చి తొక్కకు.

కంకరలోకి దిగగానే బండి ముక్కు కూరుకుపోతుంది, స్టీరింగు చేతుల్లోంచి లాక్కున్నట్టుంటుంది. బిగబట్టుకో. తిన్నగా పో. మధ్యలో తిప్పావంటే బోల్తా పడుతుంది. అమ్మా! తల వంచుకో, ఒళ్ళోకి వంచేసుకో, చేతులు తల మీద పెట్టుకో!

కనపడిందా? ఖాళీగా ఉందా? … ఉందా. పో. పో నెల్డా, తిప్పు, ఇప్పుడే—

…

నెల్డా?

నెల్డా!

… అమ్మా? ఎవరైనా ఉన్నారా? అమ్మా, ఒక్క మాట… ఊ అను చాలు.

… తప్పుకోవయ్యా, నాకేం కాలేదు, నన్నొదులు, వినపడట్లేదు నాకు.

నెల్డా, నేను రాయిస్‌ని. నేనే. చెల్లెమ్మా, పలుకు. ఏదో ఒకటి అను. దేవుడా, నన్ను తీసుకుపో, నన్ను తీసుకుపో, వాళ్ళనొద్దు, వాళ్ళేం చేశారు…

…

ఆ! ఆ, ఉన్నా! ఉన్నా నెల్డా!

ఆగిందా? పూర్తిగా? … ఇంజను ఆపు. తాళం తీసెయ్. … అమ్మ? అమ్మకెలా ఉంది? … ముక్కులోంచి రక్తమా? ఎక్కువా? … మాట్లాడుతోందా? ఏమంటోంది? … తిడుతోందా. నన్నా?

తిట్టనీ. ఇంకా తిట్టమను. ఆ మాట మళ్ళీ అనమను, నేను వింటాను.

నీకేమైంది? … చెయ్యా? కదులుతున్నాయా వేళ్ళు? … ఎముక విరగలేదు కదా. అబ్బా. అబ్బా దేవుడా. ఇదిగో, నేల మీదే కూర్చున్నాను, ఏమనుకుంటే అనుకోనీ జనం.

… వద్దు, చెప్పకు. ఎలా ఉందో చెప్పకు. కుడి పక్క మొత్తం పోయిందా. ముందు భాగం కంకరలో… పోనీ. నెల్డా, పోయిందంటే పోయింది. నేను దానికోసం కాదు ఏడుస్తున్నది. నీకు తెలియట్లేదా?

… ఇన్నాళ్ళూ అది నాన్న కోసం అనుకున్నాను. నాన్నయితే ముందు బ్రేకు చూసేవాడు. ఆయనెప్పుడూ బానెట్టు కింద తుడవనే లేదు.

అయ్యా, పోలీసాయనా! ఆగిపోయింది! ఆగింది, బతికే ఉన్నారు, ఇద్దరూ! ఇంకేం లేదు, వదిలెయ్యండి జనాన్ని, పాపం ఎండలో నిలబెట్టేశాం. … ఆ పిల్లల్నీ దాటనివ్వండి, ఊరేగింపు మొదలెట్టుకోమనండి. థాంక్సండీ. థాంక్స్.

ఆ, చెప్పు. నేను బయల్దేరుతున్నా, ట్రక్కు వేసుకుని వచ్చేస్తా. మీరు బండిలోంచి దిగి పక్కకి నిలబడండి. … దిగేశారా. మంచిది.

… ఎవరది హారన్ కొట్టేది?

మీ పక్కనుంచేనా? ఎవరు? … ఆకుపచ్చ బండి, తెల్ల గీతలు. బర్డెట్! ఆ, వాడూ ఇవాళే వస్తానన్నాడు, నా పాత సావాసగాడు. ఇంకేం, వాడితోనే కిందికి వచ్చెయ్యండి. మిమ్మల్ని చూశాడా? … చూశాడా.

ఆగలేదా?

… ఆగకపోవడమేంటి. దారిలో ఎవడి బండి చెడినా దిగి చొక్కా చేతులు మడిచే మనిషి వాడు. మీరు కంకరలో పడి ఉంటే చూసి కూడా… సరిగ్గా చెప్పు. ఏం చేశాడు?

ముక్కు ఇటు తిప్పాడా. కంకర వైపు.

… కంకరలో మీరు అడ్డంగా ఉండటం చూసి, మళ్ళీ రోడ్డు మీదకి తిప్పేసుకున్నాడా.

హారన్ ఆపకుండా కొడుతున్నాడా? … పక్కన భార్య ఉందా.

నెల్డా, ఆ బండి పని నేనే చేశాను. ఏప్రిల్లో. మన బానెట్టు ఎత్తి చూసి ముచ్చట పడ్డాడు, నాకూ అలాగే నున్నగా చేసిపెట్టరా అన్నాడు. చేసిచ్చాను. … గొట్టాలు కూడా. అక్కణ్ణుంచే. … అందం చెడుతుందని ఆ నిలబెట్టే బ్రేకు తీగ కూడా కోసేశాను.

ఇంకా కనిపిస్తున్నాడా? … వెనక ఎర్ర దీపాలు? … వెలిగి, ఆరి, వెలిగి, ఆరి…

తొక్కుతున్నాడు.

ఆ వంపు దాటాక ఇంకో కంకర దారి ఉందా? … నువ్వున్నదొక్కటేనా. ఆ తర్వాత తిన్నగా ఈ కూడలికేనా.

పెట్టెయ్ నెల్డా. ఫోను పెట్టెయ్, నేను వాడికి… ఎక్కడుంది నంబరు, పెట్టెయ్యమన్నానా! … అయ్యా! ఆపండి! పోలీసాయనా, ఆ డప్పులు ఆపండి, పిల్లల్ని తియ్యండి రోడ్డు మీంచి, ఇంకోటి వస్తోంది, నాదే, నేను చేసిందే—